అందరి ముందూ ఓపెన్‌గా మాట్లాడుకుంటే టీమ్‌లో నమ్మకం పెరుగుతుందా?

కొత్త లీడ్:
టీమ్ నా చేతికి వచ్చినప్పటి నుంచి వారానికోసారి ఒక మీటింగ్ పెడుతున్నాను. అజెండా ఏమీ ఉండదు, ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా అక్కడ చెప్పేయొచ్చు, నా మీద కంప్లైంట్ అయినా సరే. ఒక్కరూ నోరు విప్పరు. "అంతా బాగానే ఉందండి" అంటారు, మీటింగ్ అవగానే ఇద్దరిద్దరుగా చాట్‌లో అసలు సంగతులు మొదలవుతాయి. మనసులో ఉన్నది చెప్పుకుంటేనే కదా నమ్మకం కుదిరేది? అందుకే ఇకనుంచి ప్రతి ఒక్కరూ కనీసం ఒక సమస్య చెప్పి తీరాలని రూల్ పెడదామనుకుంటున్నా. మీరేమంటారు?

నైట్ షిఫ్ట్:
వద్దండీ బాబూ. రూల్ పెడితే కుర్చీ కిర్రుమంటోందని ఒకరు, లాప్‌టాప్ స్లోగా ఉందని ఇంకొకరు చెప్పి చేతులు దులుపుకుంటారు. అప్రైజల్ రాసేది మీరు, మీలో లోపాలు మీ మొహం మీదే చెప్పమనేదీ మీరే. ప్రమోషన్ మీద ఆశ ఉన్నవాడెవడైనా చెప్తాడా? ముందు నమ్మకం కుదరాలి, మాటలు వాటంతటవే వస్తాయి.

మొహమాటం లేదు:
పైన చెప్పినదానితో నేను ఒప్పుకోను. నమ్మకం కుదిరేదాకా ఆగుదామంటే అదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడుతుందా? ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలైపోయాక, ఎదుటి విమానం ఇంకా పక్కకి తప్పుకోలేదేమోనని కేఎల్‌ఎం అనే డచ్ కంపెనీ విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అనేసరికి మళ్లీ రెట్టించలేదు. పెద్దవాళ్ల ముందు తగ్గి ఉండే అలవాటు అంత ఖరీదైనది. మీ టీమ్‌లో ప్రాణాలు పోవేమో గానీ, ప్రాజెక్టులు మునిగేది మాత్రం ఇలాగే. రూల్ పెట్టండి, మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

నైట్ షిఫ్ట్:
మీ ఉదాహరణ నా పక్షాన సాక్ష్యం చెప్తోంది చూసుకోండి! ఆయన నోరు విప్పాడు కదా, వినాల్సినవాడు కొట్టిపారేశాడు. ఆ రోజుల్లో జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాత, 1979లో నాసా పెట్టిన వర్క్‌షాప్ నుంచి వచ్చిన సీఆర్‌ఎం ట్రైనింగ్‌లో, అంటే విమాన సిబ్బంది ఒకరితో ఒకరు కలిసి పనిచేయడం నేర్పే శిక్షణలో, కింది వాళ్లకి అడగడం నేర్పినట్టే కెప్టెన్లకి వినడం కూడా నేర్పారు. ఇంకో సంగతి. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లు తామే రాసి పంపే పద్ధతి ఒకటి 1976 నుంచి నడుస్తోంది. ఆ రిపోర్టులు వెళ్లేది లైసెన్స్ పీకే అధికారం ఉన్న విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి కాదు, నాసాకి. అక్కడ పేర్లు తీసేస్తారు. కావాలని చేసిందో, నేరమో, ప్రమాదమో అయితే తప్ప ఆ కాగితాన్ని పైలట్ మీద వాడరు. ఇంత ఏర్పాటు ఉంటే గానీ చదువుకున్న పైలట్లే నిజం రాయరు, వారానికో మీటింగ్‌తో మనవాళ్లు చెప్పేస్తారా?

క్వాలిటీలో ఉన్నా:
ఇద్దరూ మాట్లాడడం ముందా నమ్మకం ముందా అనే దగ్గరే ఆగిపోయారు. నేను చూసినంతలో టీమ్ మొత్తం గమనించేది ఒక్కటే, మొదట మాట్లాడినవాడికి తర్వాత ఏమైందని. ఇంతకుముందు పనిచేసిన చోట ఒకబ్బాయి మీటింగ్‌లో ఈ డేట్‌కి పని అవదు అని సూటిగా చెప్పాడు. మేనేజర్ అందరి ముందూ థాంక్స్ చెప్పి, మెచ్చుకుని, ఆ తర్వాతి ప్లానింగ్ కాల్‌కి అతన్ని పిలవలేదు. తిట్టలేదు, రేటింగ్ తగ్గించలేదు, పిలవలేదంతే. ఇక ఆ ఏడాదంతా మా టీమ్‌లో అన్ని డేట్‌లకీ పని అయిపోతుందనే చెప్పాం, ఎన్ని అయ్యాయో మీరే ఊహించుకోండి.

తప్పులు లెక్కపెట్టే ఉద్యోగం నాది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే లెక్క తిరగబడింది, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడి నర్సులు దాచుకోకుండా చెప్పడమే దీనికి కారణం కావచ్చని ఆవిడకి తోచింది. కొత్త లీడ్ గారూ, మీ రిపోర్టులో తప్పులు సున్నా అని ఉంటే సంతోషించకండి, కాస్త అనుమానించండి.

మొహమాటం లేదు:
అంటే దాచుకోకూడదనే కదా మీరూ అంటున్నది. మరి చాట్‌లో గుసగుసలు ఎందుకు? అన్నీ అందరికీ కనిపించేలా పెట్టేస్తే పోలా.

క్వాలిటీలో ఉన్నా:
అన్నీ పెట్టేయడం వేరే సంగతి. ఒకరి ఆరోగ్యం సెలవు గురించి టీమ్ మొత్తానికి ఎందుకు? గుసగుసలన్నీ కుట్రలూ కావు, సగం మంది అందరి ముందు అనేముందు ఒక స్నేహితుడి దగ్గర అని చూసుకుంటారు. చైనాలో ఒక మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీలో ఈథన్ బెర్న్‌స్టీన్ చేసిన ప్రయోగం 2012లో అచ్చయింది. కొన్ని లైన్ల చుట్టూ కర్టెన్లు కట్టి పై వాళ్లకి కనబడకుండా చేస్తే పని పది నుంచి పదిహేను శాతం పెరిగింది. ఎవరూ చూడకపోతే వాళ్లు తమకు తెలిసిన మెరుగైన పద్ధతులు వాడుకున్నారు, ఒకరికొకరు నేర్పుకున్నారు. చూస్తుంటే మాత్రం కాగితం మీద ఉన్న పద్ధతే.

కొత్త లీడ్:
సరే, రూల్ పక్కన పెడతాను, మీటింగ్ మాత్రం ఆపను. కర్టెన్ల ముచ్చట బాగుంది గానీ కర్టెన్ వెనకాల డెలివరీ ఆగిపోతే పైవాళ్లు అడిగేది నన్నే. మరి సోమవారం మీటింగ్‌లో ఏం చేయమంటారు?

క్వాలిటీలో ఉన్నా:
వాళ్ల సమస్యలు అడగడం ఆపి, మీరు ఇంకా తేల్చుకోని నిర్ణయం ఒకటి తీసుకెళ్లి ముందు పెట్టండి, ఇందులో ఏం తేడా కొడుతోందని అడగండి. మనిషిని విమర్శించడం కన్నా ప్లాన్‌ని విమర్శించడం సులువు. ఎవరైనా పనికొచ్చే మాట అంటే ప్లాన్ మార్చి, ఎవరి మాట మీద మార్చారో చెప్పండి. మార్చకపోతే కారణం అదే వారంలో చెప్పండి. పైవాళ్లు నోరు కట్టేసిన విషయాలుంటే "ఇది నేను చెప్పలేను" అనేయండి, తెలియనట్టు మాత్రం నటించకండి, దొరికిపోతారు.

నైట్ షిఫ్ట్:
ఇదంతా బాగానే ఉంది, అప్రైజల్ రాసేది ఇంకా ఆయనే కదా. దాని సంగతి ఎవరూ ముట్టుకోలేదు.