ఉచిత పాస్ మీద వెళ్ళిన చిన్న పత్రికవాళ్ళు ఉత్సవంలో లోపాల గురించి రాయొచ్చా?

కాజీపేట కెమెరా
అందరికీ వందనాలు. నేను పేపర్ విలేకరిని కాను. ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తాను. మా చర్చి సంఘం నెలనెలా తెచ్చే పత్రికకు రాస్తాను, దాని యూట్యూబ్ ఛానల్ కూడా నేనే చూసుకుంటాను. ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు లేదు. పోయిన శనివారం హన్మకొండలో జరిగిన క్రైస్తవ సంగీత ఉత్సవానికి నిర్వాహకులే పిలిచి ప్రెస్ పాస్ ఇచ్చారు. అమెరికాలోని ఇలినాయ్‌లో 1984 నుంచి 2012 దాకా కార్నర్‌స్టోన్ అనే క్రైస్తవ సంగీత ఉత్సవం జరిగేది. దాని గురించి చదివినప్పటి నుంచి, మన దగ్గర అలాంటి రోజు ఒకటి వస్తే పొద్దున నుంచి రాత్రి దాకా ఉండి రాయాలని నా కోరిక.

8 గంటలకే గ్రౌండులో ఉన్నాను. గ్రామాల బృందాలు 10కి పాడాలి. సౌండ్ చెకింగే 12 దాకా సాగింది. ఎండలో కూర్చున్నవాళ్ళకు నీళ్ళ క్యాన్లు 1 గంటకు వచ్చాయి. సాయంత్రం హైదరాబాద్ నుంచి వచ్చిన గాయకులు పాడుతుంటే గ్రౌండంతా లేచి నిలబడింది. నా చేతిలో ఫోన్ వణికింది. ఆ గంట నేను మరిచిపోలేను. నీళ్ళ సంగతి, ఆలస్యం సంగతి, ఆ గంట సంగతి అన్నీ రాసి ఛానల్‌లో పెట్టాను.

మర్నాడు నిర్వాహకుల్లో ఒక పెద్దాయన ఫోన్ చేసి "మా పాస్ మీద వచ్చి మా మీదే రాస్తావా" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నేను చేసింది తప్పా?

పాత కాయర్ మాస్టర్
తమ్ముడూ, అడిగావు కాబట్టి చెబుతున్నాను. తప్పే. నేను 31 ఏళ్ళు కాయర్, అంటే చర్చి పాటల బృందం, నడిపాను. ఇలాంటి సభ పెట్టాలంటే ఎన్ని గడపలు తొక్కాలో నాకు తెలుసు. గ్రౌండు పర్మిషన్, పోలీసు పర్మిషన్, షామియానా, జనరేటర్. ఇది టికెట్లు అమ్మి పెట్టిన షో కాదు. కూలికి పోయే అక్కలు ఇచ్చిన యాభై, వంద కానుకలతో జరిగిన పని. సహోదరునిలో తప్పు కనిపిస్తే ముందు ఒంటరిగా వెళ్ళి చెప్పమని ప్రభువే నేర్పాడు. నువ్వు వెళ్ళావా? నేరుగా ఛానల్‌లో పెట్టావు. ఇంకో మాట. మధ్యాహ్నం భోజనం టోకెన్ తీసుకున్నావా లేదా? ముందు అది చెప్పు.

కాజీపేట కెమెరా
తీసుకున్నాను మాస్టర్ గారూ. పాస్‌తో పాటే ఇచ్చారు. నీళ్ళ గురించి 11 గంటలకే వాలంటీర్‌కు చెప్పాను.

పాత కాయర్ మాస్టర్
వాలంటీర్ అంటే ఇంటర్ చదివే పిల్లవాడు. వాడికి చెబితే పెద్దలకు చెప్పినట్టా? టోకెన్ తీసుకున్నవాడు అతిథి. అతిథి ఇంటి గుట్టు బజారున పెట్టడు.

సుబేదారి అక్క
మా పాప ఎండకు కళ్ళు తిరిగి పడిపోయింది. నీళ్ళ సంగతి రాసినందుకు థ్యాంక్స్ తమ్ముడూ.

పోచమ్మమైదాన్ మైక్‌సెట్
ఆలస్యం గురించి రాసినవాళ్ళు కారణం కూడా రాయాలి. ఆ రోజు సౌండ్ నాది కాదు, కానీ ఈ పని నాకు తెలుసు. ఒక్కరే పాడేవాళ్ళు మైకును పెదవుల దగ్గర పెట్టుకుంటారు, ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యాలు, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా మిక్సర్‌లోకి వస్తుంది. అరగంటలో సెట్ అవుతుంది. పది మంది గుండ్రంగా నిలబడి, మధ్యలో డోలక్, చిడతలతో పాడితే ఒక్క మైకుకు అందరూ దూరమే. గొంతులు వినబడాలని వాల్యూమ్ లేపితే స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులోకి పోయి కూత పెడుతుంది. తగ్గిస్తే డోలక్ ఒక్కటే వినిపిస్తుంది. వాళ్ళకు కనీసం నాలుగు మైకులు, విడిగా సెట్టింగ్ కావాలి. ఆ ఖర్చు ఎవరూ పెట్టరు. పైగా రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ బంద్ చేయాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్నదే అది. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప రాత్రి టైమ్ పెరగదు. పొద్దున పోయిన రెండు గంటలు పొద్దున పాడేవాళ్ళ పాటల్లోనే కోతపడతాయి.

హంటర్‌రోడ్ వకీలు
రాయడంలో ఏ ఇబ్బందీ లేదు. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ వార్త ఇవ్వడానికి న్యాయమైన మేరకు వాడుకోవచ్చని చెబుతోంది. పాస్ ఉచితమా, డబ్బులకా అన్నది అందులో లేదు. అయితే పాట మొత్తం రికార్డు చేసి అప్‌లోడ్ చేస్తే కథ వేరు. పాడినవారికి 38వ సెక్షన్ కింద హక్కులుంటాయి. పాట రాసినవారి హక్కు వారు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. ఆరాధనలో పాడుకోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది, వేరేవాళ్ళు దాన్ని ఛానల్‌లో పెట్టుకోవడానికి కాదు. తమ్ముడు ఎంతసేపు పెట్టాడు?

కాజీపేట కెమెరా
ఒక్కో గాయకుడిది 40 సెకన్లు దాటలేదు వకీలు గారూ.

పాత కాయర్ మాస్టర్
చట్టం గురించి నేను అడగలేదు. తిన్న ఇంటికి విశ్వాసం ఉందా అని అడిగాను. దానికి ఇంతవరకు జవాబు లేదు.

కాజీపేట కెమెరా
మాస్టర్ గారూ, ఆ భోజనం 100 రూపాయలు అనుకోండి. రేపు ఆదివారం కానుక పెట్టెలో 200 వేస్తాను. అప్పుడు నీళ్ళు 11 గంటలకే వచ్చినట్టు అవుతుందా? మెచ్చుకుంటూ రాసినప్పుడు నా టోకెన్ ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సాయంత్రం గురించి నేను రాసిన మూడు పేరాలను నిర్వాహకులే అన్ని గ్రూపుల్లో పంపారు.

పాత కాయర్ మాస్టర్
డబ్బు చూపిస్తున్నావా? నీ వయసంత సేవ ఉంది నాకు. మెడలో పాస్ పడగానే పెద్దా చిన్నా మరిచిపోతారు.

నర్సంపేట డోలక్
నిన్నటి నుంచి చదువుతున్నాను. మాస్టర్ గారూ, మీరు టోకెన్, టోకెన్ అంటున్నారు. మా 11 మందికి అసలు టోకెన్లే అందలేదు. లిస్టులో మా ఊరి పేరు లేదన్నారు. తెల్లవారి 5కి ఆటో ఎక్కి వచ్చినం. ఆడవాళ్ళు ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చిన్రు. మధ్యాహ్నం 12.50కి స్టేజీ ఎక్కించి, రెండో చరణం కాకముందే కింద నుంచి చెయ్యి ఊపి దిగమన్నారు.

తమ్మీ, నీ మీద కూడా నాకు కోపం ఉంది, నీళ్ళ గురించి రాసినందుకు కాదు. నీ వ్యాసం మా చిన్నోడు ఫోన్‌లో చదివి వినిపించిండు. మా గురించి ఒకటే ముక్క ఉంది. "పలు గ్రామాల బృందాలు పాల్గొన్నాయి." పలు అంటే ఎవరు? మేము స్టేజీ మీద ఉన్నప్పుడు నువ్వు మా ముందే ఉన్నావు. నేను చూసిన. మా పాట నడుస్తుంటే నువ్వు కార్లు వస్తున్నాయని గేటు వైపు ఉరికినవు. ఆ పాట మా అమ్మ కట్టింది. ఆమెకు అక్షరం రాదు. నాట్లు వేస్తూ పాడే వరసలో ప్రభువు మాట పెట్టుకొని కట్టింది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆ పాటను పెద్ద స్టేజీ మీద పాడింది అదే మొదటిసారి.

సుబేదారి అక్క
చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అన్నా.

పాత కాయర్ మాస్టర్
టోకెన్లు అందకపోవడం పొరపాటు, ఒప్పుకుంటాను. పాట విషయంలో మాత్రం ఒక మాట చెప్పక తప్పదు. స్టేజీకి ఒక స్థాయి ఉంటుంది. మన పెద్దలు ప్రతి పాట పైన రాగం, తాళం పేర్లు వేసి కీర్తనలు ఇచ్చారు. మేము ఏళ్ళ తరబడి శ్రుతి సరిచేసుకుంటూ నేర్చుకున్నాం. నాట్ల పాట వరస తెచ్చి పాడితే వేలమంది ముందు ఎలా ఉంటుంది? నేర్చుకుని రండి అంటే తప్పా?

పోచమ్మమైదాన్ మైక్‌సెట్
ఇదీ అసలు సంగతి. ఇంతసేపూ భోజనం మీద కొట్లాడాం.

డోర్నకల్ రైలు
మాస్టర్ గారూ, మీరు చెప్పిన ఆ కీర్తనలనే తీసుకోండి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు కర్ణాటక రాగాల్లో క్రీస్తు కీర్తనలు కట్టారు. దొరలు తెచ్చిన ఇంగ్లిషు ట్యూన్లు ఉండగా ఆయన తన నేల సంగీతం తీసుకున్నారు. మా డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘంలో తొలి భారతీయ బిషప్. ఈ నేల పాట, ఈ నేల పద్ధతి ఆరాధనలోకి రావాలన్నదే ఆయన పట్టు. 1939లో ప్రతిష్ఠించిన మా కెథడ్రల్‌ను, అంటే బిషప్ గారి పెద్ద చర్చిని, చూడండి, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. ఇదే పాత వరంగల్ జిల్లాలో వంద ఏళ్ళ కిందటే ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు స్థాయి లేదంటే ఎట్లా? నాట్ల పాటకు తాళం లేదా? తాళం తప్పితే పదిమంది నడుములు ఒక్కసారి వంగుతాయా?

పాత కాయర్ మాస్టర్
చౌదరి గారు సంగీతం తెలిసి కట్టారు. పోలిక సరికాదు.

నర్సంపేట డోలక్
మా అమ్మ కూడా తెలిసే కట్టింది. ఎవరి దగ్గర నేర్చుకుందో మీకు తెలియదు, అంతే.

కాజీపేట కెమెరా
డోలక్ అన్నా, క్షమించండి. మీరు చెప్పింది నిజం. గేటు దగ్గర హైదరాబాద్ గాయకుల కారు ఆగిందంటే పరుగెత్తాను. మొదటి ఫోటో నాదే కావాలనుకున్నాను. కార్నర్‌స్టోన్‌లో కొత్త బ్యాండ్లకు విడిగా వేదిక ఉండేదని, ఎవరూ పిలవని బ్యాండ్లు సొంత జనరేటర్ తెచ్చుకుని మైదానంలోనే స్టేజీ వేసుకునేవని చదివి ఎంతో మెచ్చుకున్నాను. తీరా నా ఊళ్ళో నా ముందు మీరు పాడుతుంటే వీపు తిప్పాను. పాస్ ఇచ్చినవాళ్ళకు భయపడి రాయలేదని కాదు, మీరు వార్త అని నాకు తోచనే లేదు. నీళ్ళ గురించి రాసి ధైర్యంగా రాశాననుకున్నాను.

ఫోన్‌లో మీ పాట 50 సెకన్లు ఉంది, పల్లవి ఒక్కటే. మీరు సరేనంటే నర్సంపేట వస్తాను. పూర్తిగా రికార్డు చేసి, మీకు వినిపించి, మీరు ఒప్పుకుంటేనే పెడతాను.

హంటర్‌రోడ్ వకీలు
పాట కట్టిన అమ్మ పేరు తప్పకుండా వేయండి. వారసులుగా ఇంటివాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

నర్సంపేట డోలక్
ఆదివారం రా. ఫోన్ జేబులో పెట్టుకొని ముందు ఒకసారి కూర్చొని విను. రికార్డు సంగతి తరవాత చూద్దాం.

పాత కాయర్ మాస్టర్
స్థాయి గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకోను. అతిథి గురించి అన్నది కూడా. అయితే 11 మంది ఆకలితో ఇంటికి పోయారన్నది నాకు తెలియదు. ఆ లిస్టు ఎవరు రాశారో రేపు కనుక్కుంటాను. ఏ ఊరు పేరు పోయిందో పంపండి.

కాజీపేట కెమెరా
వ్యాసంలో "పలు గ్రామాలు" అన్న వాక్యం తీసేస్తున్నాను అన్నా. ఆ చోట వేయడానికి మీ ఊరి పేరు, పాడినవాళ్ళ పేర్లు కావాలి.

నర్సంపేట డోలక్
వాయిస్ మెసేజ్ పెడుతున్న. పదకొండు పేర్లు, మీద అమ్మ పేరు. ఒక్కటి కూడా వదలొద్దు.