క్లింగాన్ క్రియలో ఒక ‘అండి’

కల్పిత భాషల్లో క్రియకు గౌరవరూపాలు ఉంటాయా అని అడిగారు. స్టార్ ట్రెక్ సినిమాల్లోని ఒక యోధజాతి మాట్లాడే క్లింగాన్‌లో ‘నెష్’ అనే ప్రత్యయం ఉంది. 1984 నాటి స్టార్ ట్రెక్ చిత్రం కోసం భాషావేత్త మార్క్ ఓక్రాండ్ ఈ భాషకు వ్యాకరణం అల్లారు. మరుసటి ఏడాదే నిఘంటువు అచ్చయింది. ఎదురైన మనిషిని “ఏమి కావాలి?” అని పలకరించే యోధుల భాషలో మర్యాదకు ఒక ప్రత్యయం దొరకడమే వింత! (చివరి ధ్వనికి మన ‘ష’లాగే నాలుక పైకి మడవాలి.)

‘కలెగ్’ అంటే నిన్ను చూస్తున్నాను. ‘కలెగ్‌నెష్’ అంటే తమరి దర్శనం నా భాగ్యం. హోదాలో పైవారితో మాట్లాడేటప్పుడే ఇది వాడతారు, వాడి తీరాలన్న నియమం లేదు. మన కొత్త అల్లుడు ‘అండి’ మానేసి చూడమనండి!

అయితే దీన్ని ‘వచ్చారు’లోని ‘రు’తో పోల్చకూడదు. ‘రు’ ఎవరి గురించి చెబుతున్నామో వారికి, ‘అండి’ ఎవరితో చెబుతున్నామో వారికి. “మా తమ్ముడు వచ్చాడండి” అన్నప్పుడు మర్యాద వినేవారిది. “మాస్టారు వచ్చారురా” అన్నప్పుడు మాస్టారిది. నెష్ మన ‘అండి’ రకం. అక్కడ లేని మాస్టారికి అది పనికిరాదు.

ఇంకో తమాషా. ‘కలెగ్‌నెష్’లోని ‘క’ ఏకవచనం. మాటకు మాట తెస్తే “నిన్ను చూస్తున్నానండి” అవుతుంది. మన చెవి ఒప్పుకోదు. ‘అండి’ వచ్చిందంటే ‘నిన్ను’ లేచి ‘మిమ్మల్ని’కి చోటివ్వాల్సిందే.

— ప్రశ్న వేసేటప్పుడు నెష్ ఎక్కడ చేరుతుంది?

— క్లింగాన్ క్రియాప్రత్యయాల్లో తొమ్మిది తరగతులకు వరుస స్థిరం. నెష్ ఎనిమిదో తరగతి, అందులో అదొక్కటే. ప్రశ్నార్థకం తొమ్మిదోది. కాబట్టి ‘చూస్తున్నారాండి?’ అనడానికి ‘డ-లెగ్-నెష్-అ’: ముందు మర్యాద, తర్వాత ప్రశ్న. మన ‘చూశారాండి’లో ముందు ‘ఆ’, తర్వాత ‘అండి’. సరిగ్గా తలకిందులు.

— ‘రండి’లో ఉన్నదీ ఈ అండేనా?

— నా లెక్కలో కాదు. ‘రండి’ బహువచన విధిరూపం. పదిమంది పిల్లల్ని కూడా “ఇలా రండి” అని పిలుస్తాం. అదే పిల్లలతో “నేను వచ్చానండి” అంటే వేళాకోళమే అవుతుంది.