రొజారియో ప్లస్ వాంపైర్: నాలుగు ఎపిసోడ్లు చూసి ఆగిపోయా, ముందుకెళ్లాలా?

ప్రశ్న:

దయ్యాలు, రాక్షసులు ఉంటే చాలు, ఏదైనా చూసేస్తా. అలాగే ఈ అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మొదలుపెట్టా. ఎక్కడా సీటు రాని త్సుకునే అనే మామూలు కుర్రాడు తెలియక రాక్షసుల స్కూల్లో చేరతాడు, మనిషని తెలిస్తే చంపేస్తారు. ఈ పాయింట్ విని కూర్చున్నా. చూస్తే ఏముంది? ఎవరో ఒకరు గొడవకొస్తారు, త్సుకునే తనతో చదివే వాంపైర్ పిల్ల మోకా మెడలోని శిలువ లాగుతాడు, ఆమె గులాబీ రంగు జుట్టు వెండి రంగులోకి మారుతుంది, ఒక్క తన్ను, అంతే. మధ్యలో పైకి లేచే స్కర్టులకు లెక్కే లేదు. హాల్లో టీవీలో పెట్టుకుంటే సరిగ్గా అప్పుడే మా అక్క వచ్చింది, రిమోట్ ఎక్కడుందో కనపడదు! రెండు సీజన్లూ కలిపి 26 ఎపిసోడ్లట. చివరిదాకా ఇంతేనా? ఎండింగ్ మాత్రం చెప్పకండి.

జవాబు 1:

ఇంతే అన్నా. ఫార్ములా మారదు, ముందే చెప్పేస్తున్నా. అయినా నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి కాలేజీ రోజుల్లో, రెండోసారి మొన్నీమధ్య. మొదటిసారి ఫైట్ల కోసం చూశా, రెండోసారి ఇద్దరు మోకాల కోసం చూశా.

నన్నడిగితే ఇందులో అసలు పోటీ మోకాకి, త్సుకునే వెంటపడే రెక్కల రాక్షసి కురుముకి మధ్య కాదు. మోకాకి, మోకాకి మధ్య. బయటి మోకా మెత్తనిది, త్సుకునే మెడ కనిపిస్తే ఆగలేదు, కొరికి రక్తం తాగేస్తుంది. శిలువ తీస్తే బయటికొచ్చే లోపలి మోకా పొగరుబోతు, 'నీ స్థాయి తెలుసుకో' అంటూ తన్నే రకం. ఒంట్లో ఉన్నది ఒకరే, మనసులు రెండు. వాడు ప్రేమించేది ఒకరిని, ప్రాణం మీదికొస్తే పిలిచేది ఇంకొకరిని. ఇద్దరికీ గొంతు నానా మిజుకిదే. కళ్లు మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. రెండు సీజన్ల ఓపెనింగ్ పాటలూ ఆవిడే పాడింది, నేను ఒక్కసారీ స్కిప్ చేయలేదు.

ఇంకోటి. ఇలాంటి సిరీస్‌లలో అమ్మాయిలు హీరో వెంట ఎందుకు పడతారో రాసినవాడికే తెలియదు. ఇక్కడ కురుముకి కారణం ఉంది. ఆమె త్సుకునేని మాయచేసి వాడుకుంది. ఆమె రెక్కలు పీకేయడానికి లోపలి మోకా సిద్ధమైతే అడ్డుపడింది వాడే. చేతిలో ఏ శక్తీ లేదు, ఊరికే చేతులు చాచి నిలబడ్డాడు. తర్వాత ఆమె వాడిని వదలకపోవడంలో వింతేం లేదు. వాడిని చాలామంది దద్దమ్మ అంటారు గానీ, ఆ ఒక్క సీన్ కోసం నేను ఒప్పుకోను.

ఇక తిట్లు. మీరు దేనికోసం కూర్చున్నారో దాన్నే ఈ అనిమే గాలికొదిలేసింది. దొరికితే చస్తాడన్న భయం మొదటి ఎపిసోడ్‌లో ఉంటుంది, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. మొదటి సీజన్ చివర్లో కుయో అనే నక్క వస్తాడు, స్కూల్లో పోలీసుగిరీ చేసే గుంపుకి నాయకుడు. అప్పుడు మళ్లీ టెన్షన్ మొదలవుతుంది. హమ్మయ్య, కథ దారిలో పడింది అనుకుని రెండో సీజన్ పెడితే మళ్లీ కామెడీ. మోకా చెల్లెలు కొకోవా వచ్చి గోల పెంచుతుంది, భయం మాత్రం పెరగదు. మారే సీన్ అయితే ప్రతిసారీ అదే. ఫైట్ ఎంతసేపు పట్టిందో చెప్పే ఆ గబ్బిలం మాత్రం నాకిష్టం, తనకీ విసుగొచ్చినట్టే అనిపిస్తుంది.

జవాబు 2:

పై అన్న పాటల దగ్గర కరిగిపోయాడు, నేను కరగను. ఇందులో యుకారి అనే మంత్రగత్తె పిల్ల వయసు పదకొండు. ఆ పిల్లను కూడా ఈ ప్రేమ గోలలోకి లాగారు. కామెడీ అని సర్దిచెప్పుకోలేక అక్కడే డ్రాప్ చేశా. ఇక ఆ స్కర్టుల సంగతి. దీనికి మూలమైన మాంగాలోనూ (జపాన్ కామిక్) ఉన్నాయి గానీ, పేజీ తిప్పేస్తే పోతాయి. అనిమేలో కెమెరా అక్కడే తిష్ట వేస్తుంది. ఫైట్ మధ్యలో అలా చేస్తే ఎవరు గెలుస్తున్నారో నాకెందుకు పట్టాలి?

జవాబు 3:

యుకారి విషయంలో మీతో ఏకీభవిస్తా. అయితే అసలు బాధ వేరే. అకిహిసా ఇకెడా మాంగా 2004లో మొదలై 2014 దాకా నడిచింది. మొదటి భాగం 10 సంపుటాలు, రెండోది 14. మొదటి భాగం 2007లోనే పూర్తయింది, అనిమే రెండు సీజన్లూ వచ్చింది 2008లో. అంటే సరుకు లేక కాదు, ఉన్నదాన్ని ముట్టుకోలేదు. త్సుకునేని బతికించడానికి మోకా తన రక్తం ఎక్కిస్తుంది, మాంగాలో దానికి మూల్యం ఉంటుంది. వాడు నెమ్మదిగా మనిషి కాకుండా పోతూ ఘూల్ అనే పిశాచి అవుతాడు, అదుపులో ఉంచడానికి చేతికి తాళం వేస్తారు. కామెడీగా మొదలైన కథలో అక్కడ నాకు నిజంగా భయమేసింది. బొమ్మలు కూడా సంపుటానికి సంపుటం పదునెక్కుతాయి. అనిమే ఆ దారి తొక్కనే లేదు. నా మాట వింటే మాంగా మొదటినుంచి చదవండి, మధ్యలో దూకొద్దు.

జవాబు 1:

అది నిజమే, మాంగా ముందు ఇది నిలబడదు. కానీ మిజోరే వచ్చేదాకైనా చూడమనండి. నోట్లో లాలీపాప్‌తో గోడ వెనక నుంచి తొంగిచూసే మంచు పిల్ల. మాట తక్కువ, నవ్వు ఎక్కువ తెప్పిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

కుయో దాకా చూస్తా, తర్వాత మాంగా. రెండో సీజన్ పాటలు మాత్రం విడిగా వింటా. ఐదో ఎపిసోడ్ ఇప్పుడే పెట్టా. ల్యాప్‌టాప్‌లో, హెడ్‌ఫోన్స్‌తో, తలుపు గడియ వేసి.