అప్‌డేట్: నవ్వితే కూలబడే మా తమ్ముడి నిద్ర సంగతి తేలింది

డిగ్రీ చదివే మా తమ్ముడు క్లాసులో, బస్సులో, ఆఖరికి అన్నం కలుపుతూ కూడా నిద్రపోతున్నాడని ఇక్కడ అడిగాను కదా. అది నార్కోలెప్సీ, అంటే పగటిపూట ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముఖ్యంగా ‘నవ్వినప్పుడు ఒళ్లు పట్టు తప్పుతుందా?’ అని అడిగినవారికి. అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు విజయనగరంలో సిరిమానోత్సవం రోజు బావ ఏదో జోకేస్తే, వీడు దవడ వేలాడేసి, చేతిలో జీళ్ల పొట్లంతో సహా కూలబడ్డాడు. స్పృహ ఉంది, మా మాటలన్నీ వినిపించాయట. కావాలని చేశాడని తిట్టాం కూడా.

విశాఖలో న్యూరాలజిస్టుకి ఇదే చెబితే, దీన్ని కేటాప్లెక్సీ అంటారన్నారు. రాత్రంతా తలకీ ఒంటికీ వైర్లు పెట్టి నిద్ర పరీక్ష చేశారు. మర్నాడు రెండేసి గంటలకోసారి మొత్తం 5 కునుకులు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం రెండు కునుకుల్లో వెంటనే కలల దశలోకి జారితే ఈ జబ్బని అనుకుంటారు. వీడికి సగటు 3 నిమిషాలే! మెలకువను నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెదడులో నశించడం వల్ల ఇలా అవుతుందట.

థైరాయిడ్, రక్తహీనత, గురక సమస్య ఏవీ కావు. రాత్రి ఫోన్ చూడటం వల్లేనని ఫోన్ లాక్కున్నాను, వాడికి సారీ చెప్పాను. దిష్టి కూడా తీయించాం, అది అమ్మ తృప్తి కోసం.

పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుందన్నారు. డాక్టరు రాసిచ్చినట్టు పగలు మెలకువగా ఉండటానికి పొద్దున మోడాఫినిల్, కూలబడకుండా వెన్లాఫాక్సిన్ వాడుతున్నాడు. మధ్యాహ్నం కాలేజీలోనే 20 నిమిషాల కునుకు, లెక్చరర్లు ఒప్పుకున్నారు. బైకు తాళాలు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి.