ఒపేరా భూతం పలే గార్నియేకి మేలు చేసిందా, చేటు చేసిందా?

పాతపుస్తకం:
పోయిన నెల పారిస్ వెళ్ళినప్పుడు పలే గార్నియే చూశాను. 1875లో తెరిచిన ఒపేరా హౌస్. లోపలికెళ్ళిన జనంలో సగం మంది పాలరాతి మెట్ల మీద ఫొటోలు, మిగతా సగం ‘ఐదో నంబర్ బాక్స్ (హాల్లో చిన్న గదిలా విడిగా ఉండే సీట్లు) ఎక్కడ?’ అని వెతుకులాట. దాని తలుపు మీద ‘ఒపేరా భూతం బాక్స్’ అని ఫ్రెంచిలో పలక పెట్టారు. తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి తొంగి చూడ్డానికి క్యూ! నా ముందున్న అబ్బాయి ముక్కు చప్పిడయ్యేలా అద్దానికి ఆనించి మరీ చూశాడు. లోపల ఉన్నవి ఎర్ర వెల్వెట్ కుర్చీలు, అంతే.

గాస్టన్ లెరూ నవల ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ నాకూ ఇష్టమే. వికారమైన ముఖాన్ని దాచుకుని నేలమాళిగలో బతికే ఎరిక్ (‘భూతం’ అతనే), ఆ బాక్స్ తనకే వదిలెయ్యమని మేనేజర్లని బెదిరిస్తుంటాడు. బాగుంది. కానీ ఉన్న భవనానికి లేని మనిషి పేరు తగిలించడమేమిటి? నవల ఆ కట్టడాన్ని మింగేసిందని నాకు అనిపించింది. మీరేమంటారు?

సిమెంటుబాబు:
నా కడుపులో మాట చెప్పారు. నవలలో ఉన్నట్టే అందరూ ‘భవనం కింద సరస్సు ఉందట కదా’ అంటారు. సరస్సూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పునాది తవ్వుతుంటే ఊట నీళ్ళు పడ్డాయి. నెలల తరబడి పగలూ రాత్రీ ఆవిరి పంపులు నడిపితే గానీ పని సాగలేదు. అప్పుడు భవనం ఆర్కిటెక్ట్ షార్ల్ గార్నియే జంట పునాది వేసి, అడుగున పెద్ద తొట్టి కట్టి, దాన్ని నీళ్ళతోనే నింపేశాడు. కింది నుంచి ఊట తోస్తుంటే పైనుంచి ఈ నీళ్ళ బరువు అదిమి పెడుతుంది. నిప్పంటుకుంటే ఆర్పడానికీ అక్కరకొస్తాయి. ఇప్పటికీ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అందులో ఈత ప్రాక్టీస్ చేస్తారు. 1861 పోటీలో దాదాపు 170 డిజైన్లని దాటి గెలిచినవాడి బుర్ర అది. జనానికి మాత్రం గుర్తున్నది పడవేసుకుని తిరిగే భూతం!

మెట్లమీదపిల్లి:
బాబుగారూ, ఒక్క నిమిషం. ఆ తొట్టి సంగతి మీరు మొదట ఎందుకు వెతికారు? నిజం చెప్పండి.

సిమెంటుబాబు:
...సినిమా చూసి. అయితే ఏంటి?

మెట్లమీదపిల్లి:
అయితే అదే కదండీ! డ్యూమా, బాల్జాక్ నవలల్లోనూ పారిస్ ఒపేరా ఉంటుంది. అది పాత హాలు, 1873లో కాలిపోయింది. వాళ్ళు చూసినదంతా బాక్సుల్లో కూర్చున్న దొరలూ దొరసానులూ, ఎవరు ఎవరితో వచ్చారన్న గుసగుసలూ. స్టేజీ కింద ఐదు అంతస్తులున్న కొత్త భవనంలోకి దిగి, సీనరీ లాగే యంత్రాలూ చీకటి నడవలూ కథలోకి తెచ్చినవాడు లెరూ. అసలు రిపోర్టర్ కదా, ఊరికే ఊహించలేదు. 1907లో అక్కడి నేలమాళిగలో గ్రామఫోన్ రికార్డులు సీలు వేసి దాచారు, వందేళ్ళ తర్వాత తెరవమని. అది నిజం. వాటికోసం తవ్వుతుంటే అస్థిపంజరం బయటపడిందని నవల మొదట్లో రాశాడు. అది కల్పన. రెంటికీ అతుకు కనబడదు.

సిమెంటుబాబు:
అతుకు కనబడకపోవడమే నా గొడవ. హాలు కప్పుకి వేలాడే దీపాల గుత్తి, ఆ షాండ్లియర్ సంగతి చూడండి. 1896 మే 20న పడింది షాండ్లియర్ కాదు, దాని ఎదురు బరువు. కింద కూర్చున్న ఒకావిడ చనిపోయింది. నవలలో ఏకంగా షాండ్లియరే పడుతుంది, పత్రికలో రెండు లక్షల కిలోలని హెడ్డింగు! అసలు దాని బరువు ఏడు టన్నులు. రెండు లక్షల కిలోలంటే రైలింజనండీ, దీపం కాదు. ఇప్పుడు ఎవర్నడిగినా షాండ్లియర్ పడిందనే అంటారు. పాపం, చనిపోయినావిడ కూడా కథలో మనిషైపోయింది.

పాతపుస్తకం:
ఆ చివరి మాటకి నేను తలొంచుతాను. కథ చదివేటప్పుడు ఆవిడ గుర్తే రాలేదు.

నత్తగుల్ల:
నేను పుస్తకం చదవలేదు, భవనం చూడలేదు, కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: పలక ఉంచండి. ఇటలీలోని వెరోనాలో షేక్‌స్పియర్ నాటకంలోని జూలియట్‌దంటూ చూపించే బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో తగిలించిందే. జనం వెళ్ళడం మానారా?

మెట్లమీదపిల్లి:
నత్తగుల్ల గారూ, అది వేరు. అక్కడ కథ కోసం గోడకి బాల్కనీ తగిలించారు. ఇక్కడ ఉన్న గోడలోంచే కథ పుట్టింది. బాబుగారు చెప్పిన, చనిపోయినావిడ సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ పలక పక్కన ఆమె గురించి రెండు వాక్యాలు రాసి పెడితే బాగుండు. భూతం పేరుకి చోటున్న గోడ మీద ఆమెకీ ఉంటుంది.

పాతపుస్తకం గారూ, మీరు ఏ వైపు నుంచి లోపలికెళ్ళారు?

పాతపుస్తకం:
స్క్రీబ్ వీధి మూల నుంచి. టూరిస్టుల గేటు అక్కడే కదా.

మెట్లమీదపిల్లి:
నవలలో ఎరిక్ దొంగదారి ఉన్నది ఆ వీధి వైపే. అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ బండి దిగకుండా నేరుగా లోపలికి రావడానికి కట్టిన దారి కూడా అటే. భవనం పూర్తికాకముందే, 1873లో ఆయన పోయాడు. ఆ భాగాన్ని అలాగే వదిలేశారు, కొన్ని రాళ్ళు చెక్కకుండా మొరటుగా ఉండిపోయాయి. తర్వాత అందులో ఒపేరా లైబ్రరీ, మ్యూజియం పెట్టారు. చూశారా?

పాతపుస్తకం:
లేదండీ. లోపలికెళ్ళగానే ఐదో నంబర్ బాక్స్ వెతుక్కున్నాను.

సిమెంటుబాబు:
😀 మీరూనా!

పాతపుస్తకం:
నవ్వండి, నవ్వండి. ఆ రాళ్ళు చూడాలంటే మళ్ళీ టికెట్ కొనాలా?

మెట్లమీదపిల్లి:
అక్కర్లేదు. వీధిలో నిలబడి తలెత్తితే చాలు.