యుద్ధ వ్యతిరేకతనూ వలసదారుల రక్షణనూ ఒకే ఉద్యమంగా నడపాలా? ట్యూసన్, షికాగో చర్చిల మధ్య వచ్చిన భేదం గురించి

కృష్ణాతీరం (టెంపే, అరిజోనా):

మా ఊళ్లో వలసదారులకు సాయపడే ఒక చిన్న బృందంలో నేను రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కోర్టు వాయిదాలకు మనుషులను కారులో తీసుకెళ్లడం, దరఖాస్తులు నింపేటప్పుడు పక్కన కూర్చోవడం, తల్లిదండ్రులు పట్టుబడిన పిల్లలను బడి నుంచి బంధువుల ఇంటికి చేర్చడం మా పనులు. పోయిన నెల సమావేశంలో, బృందం ప్రకటనలో యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఒక వాక్యం చేర్చాలా వద్దా అని రెండు గంటలు వాదించుకుని, తేల్చుకోలేక వాయిదా వేశాం. మనుషులు ఇల్లూ వాకిలీ వదిలి రావడానికి యుద్ధమే కారణమైనప్పుడు దాని మాట ఎత్తకుండా ఎలా ఉంటామని కొందరన్నారు. ఆ వాక్యం రాస్తే, కొడుకులు సైన్యంలో ఉన్న సేవకులు రేపటి నుంచి రారని మరికొందరన్నారు.

ఇదే ప్రశ్న మాకు రెండు గంటల ప్రయాణ దూరంలో ఉన్న ట్యూసన్‌లో నలభై ఏళ్ల కిందట ఒక పెద్ద ఉద్యమాన్ని నిలదీసింది. 1980 జూలైలో, మధ్య అమెరికాలో అంతర్యుద్ధంలో చిక్కుకున్న ఎల్ సాల్వడార్ నుంచి పారిపోయి వచ్చిన ఒక గుంపును, దాటిస్తామని డబ్బు తీసుకున్నవాళ్లు ఆర్గాన్ పైప్ ఎడారిలో వదిలేసి పోగా, 13 మంది ఎండకూ దాహానికీ చనిపోయారు. బతికి బయటపడినవారిని ఆదుకున్న ట్యూసన్ చర్చిల వారికి, ఆ దేశంలో ఏం జరుగుతోందో వారి నోటి మీదుగానే తెలిసివచ్చింది. మరుసటి ఏడాది జిమ్ కార్బెట్ అనే క్వేకర్ (యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖకు చెందిన) పశుపోషకుడు, తన మిత్రుడు దారిలో కారెక్కించుకున్న సాల్వడార్ యువకుణ్ణి సరిహద్దు గస్తీవారు పట్టుకుపోయారని విని అతని జాడ వెతకబోయాడు. ఆ వెతుకులాట చివరికి తానే మనుషులను సరిహద్దు దాటించి తెచ్చే పని దాకా వెళ్లింది.

1982 మార్చి 24న సౌత్‌సైడ్ ప్రెస్బిటీరియన్ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్, తమ చర్చి శరణార్థులకు ఆశ్రయమిస్తుందని అమెరికా అటార్నీ జనరల్‌కు ముందే ఉత్తరం రాసి మరీ బహిరంగంగా ప్రకటించారు. ఆ తేదీకి ఒక అర్థముంది. సరిగ్గా రెండేళ్ల కిందట అదే రోజున సాన్ సాల్వడార్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోను పూజ జరుపుతుండగా కాల్చి చంపారు. అంతకు కొద్ది వారాల ముందే ఆయన, ఎల్ సాల్వడార్‌కు సైనిక సాయం ఆపమని అధ్యక్షుడు కార్టర్‌కు ఉత్తరం రాశారు. అంటే ఆశ్రయం, యుద్ధ నిరసన మొదటి రోజునే ఒకే గుమ్మం మీద నిలబడ్డాయి.

భేదం తర్వాత వచ్చింది. దేశమంతటా చర్చిలు, యూదు ప్రార్థనా మందిరాలు వందల సంఖ్యలో చేరుతున్న కాలంలో, సమన్వయ బాధ్యత తీసుకున్న షికాగో మతసంస్థల కార్యదళం ఒక వాదన పెట్టింది. అమెరికా జోక్యాన్ని ఆపడమే అసలు లక్ష్యం కాబట్టి, యుద్ధం గురించి వేదికల మీద సాక్ష్యం చెప్పగలవారికి ముందు చోటివ్వాలన్నది ఆ వాదన. వచ్చిన మనిషి రాజకీయం ఏమిటో అడగకుండా, ప్రాణభయం ఉందా లేదా అన్నదొక్కటే చూడాలని ట్యూసన్ వారు అన్నారు. నేను ట్యూసన్ వైపు మొగ్గుతున్నాను. మీరేమంటారు?

హనుమకొండ (ఇర్వింగ్, టెక్సస్):

కృష్ణాతీరం గారూ, నేను మీకంటే ఒక అడుగు ముందుకెళ్లి, ఈ రెండు పనులనూ పూర్తిగా విడదీయాలంటాను. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టే చేతులు ఎక్కువ ఉండాలి. యుద్ధం విషయంలో ప్రభుత్వాన్ని సమర్థించే మనిషి కూడా పక్కింటి తల్లిని పిల్లల నుంచి విడదీయడాన్ని సహించలేక మన దగ్గరకు రావచ్చు. అతన్ని గుమ్మం దగ్గరే ఆపి 'ఈ వాక్యం మీద సంతకం పెట్టి లోపలికి రండి' అంటే, నష్టపోయేది ఆ తల్లే.

రెండో కారణం మన తెలుగువారికి మరీ దగ్గరిది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో ప్రభుత్వమే ఒక బూటకపు విద్యాసంస్థను నడిపి వల పన్నినప్పుడు, మొదటి విడతలో నిర్బంధించిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల పిల్లలు. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను (వారి వీసా హోదాను నమోదు చేసే ప్రభుత్వ రికార్డులను) ఉన్నట్టుండి రద్దు చేసి, కోర్టు కేసులు పడ్డాక మళ్లీ పునరుద్ధరించారు. వీసా మీద ఉన్న విద్యార్థికి మా బృందం అద్దె, వకీలు, ఒక రాత్రి పడక చూడగలదు. యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలో పేరు కనిపిస్తే ఆ పిల్లవాడి మీద పడే ప్రమాదాన్ని మాత్రం మేము మోయలేం. అందుకే సాయం కోరి వచ్చే ఏ విద్యార్థినీ మేము ఏ ప్రకటన మీదా సంతకం అడగం.

నల్లమల (హైదరాబాద్):

హనుమకొండ గారి జాగ్రత్త నాకు అర్థమైంది గాని, ఆ దారిన పోతే మిగిలేది చిల్లి పూడ్చకుండా కుండలో నీళ్లు పోసే పనే. ఎల్ సాల్వడార్ సంగతే చూడండి. 1981 డిసెంబరులో ఎల్ మొజోటే గ్రామంలో పిల్లలతో సహా వందలమందిని ఊచకోత కోసిన సాల్వడార్ సైన్యపు అట్లకాట్ల్ దళం అమెరికా శిక్షణ ఇచ్చిన దళం. ఆ దశాబ్దంలో అమెరికా ఆ దేశానికి ఇచ్చిన సైనిక సాయం వంద కోట్ల డాలర్లను మించింది. అదే అమెరికా, తన బంధువుల శవాలు చూసి పారిపోయి వచ్చిన సాల్వడార్ మనిషిని 'నువ్వు కూలి కోసం వచ్చావు' అని తిప్పి పంపింది. 1984లో సాల్వడార్, గ్వాటెమాలా దేశస్థుల శరణు దరఖాస్తుల్లో ఆమోదం పొందినవి నూటికి మూడు కూడా లేవు. ఆమోదిస్తే, తాము ఆయుధాలిచ్చే ప్రభుత్వమే తన ప్రజలను చంపుతోందని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. యుద్ధం, తిరస్కరణ ఒకే నిర్ణయంలోని రెండు పంక్తులై ఉండగా, ఒకదాన్ని మాత్రమే చదువుతామంటే ఎలా?

యుద్ధం ఆగినంత మాత్రాన దాని వేడి ఆరదన్నది మరో సంగతి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత నాలుగో రోజున, కృష్ణాతీరం గారి పక్క ఊరు మేసాలో, తలపాగా చూసి ఒక సిక్కు దుకాణదారుణ్ణి కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథాలో మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపినవాడు మాజీ నౌకాదళ ఉద్యోగి. తాను ఇరాన్ వాళ్లను కాల్చానని తర్వాత ఒకరితో చెప్పుకున్నాడు. యుద్ధాలు మనకు పట్టవని మనం అనుకున్నా, శత్రువు ముఖం ఎలా ఉంటుందో యుద్ధాలు జనానికి నేర్పుతాయి, ఆ ముఖాల్లో మనదీ ఒకటి. షికాగో వారు సాక్ష్యం అడగడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం.

విశాఖ పాఠకురాలు:

ఈ చర్చలో ఒక మాట చేర్చాలని ఉంది. మా కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. 'కాందిశీకులు' అన్న మాట నేను చిన్నప్పుడు పుస్తకాల్లో కన్నా ముందు మా నాయనమ్మ నోట విన్నాను. రంగూన్ రేవులో కూలి చేసిన మన ఉత్తరాంధ్ర వాళ్లను అక్కడ కొరంగీలనేవారు. 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీల మీద ఘోరమైన దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో వేలమంది చనిపోయారు. ఆ యుద్ధంలో ఎవరి పక్షాన ఉన్నావని దారిలో గంజి పోసినవారు ఎవరూ మా వాళ్లను అడగలేదని నాయనమ్మ చెప్పేది. నల్లమల గారూ, మీరు చెప్పిన కారణాలన్నీ నిజమే. అయినా ఆ గంజికి ముందు ప్రశ్న పెట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

నల్లమల (హైదరాబాద్):

అమ్మా, గంజికి ముందు ప్రశ్న పెట్టమని నేను అనలేదు. గంజి పోశాక, ఎందుకు రావలసివచ్చిందో చెప్పగలిగినవారిని చెప్పనివ్వండి, ఆ మాట పదిమందికి వినిపించండి అంటున్నాను. నాయనమ్మ గారు చెప్పకపోతే ఈ రోజు మీరూ చెప్పగలిగేవారు కాదు.

కృష్ణాతీరం (టెంపే, అరిజోనా):

విశాఖ పాఠకురాలి గారి మాట చదివాక, నా వైఖరిని ఇంకొంచెం సరిచేసుకోవలసి వచ్చింది. కాస్త వివరంగా రాస్తాను.

ట్యూసన్ వారు యుద్ధం గురించి మౌనంగా ఉన్నారని నేను సూచించి ఉంటే అది పొరపాటు. కార్బెట్ తన పనిని శాసనోల్లంఘన అనడానికి ఒప్పుకోలేదు. ఉప్పు సత్యాగ్రహంలో దేవరంపాడులో ఉప్పు వండినవారు చట్టం అన్యాయమైనదని చెప్పి, తెలిసే ఉల్లంఘించి, శిక్షకు సిద్ధపడ్డారు. కార్బెట్ వాదన దీనికి భిన్నమైనది. శరణార్థులను ప్రాణాపాయంలోకి తిప్పి పంపరాదని 1980 నాటి అమెరికా శరణార్థుల చట్టం చెబుతోంది. ఆ చట్టాన్ని మీరుతున్నది ప్రభుత్వం, అమలు చేస్తున్నది మేము అన్నాడు. ప్రభుత్వం తప్పుకున్న చోట పౌరులు చట్టాన్ని భుజానికెత్తుకోవడమే తమ పని అని ఆయన చెప్పుకున్నాడు. ఇందులో యుద్ధ విమర్శ లేకపోలేదు; దాన్ని నిరూపించేది ఉపన్యాసం కాకుండా ఒక్కొక్క మనిషి దరఖాస్తు కావడమే తేడా.

ప్రభుత్వం కూడా ఈ పనిని ఉత్త దయగా చూడలేదు. డబ్బిచ్చి వేగులను పెట్టి, చర్చి లోపలి సమావేశాలను రహస్యంగా రికార్డు చేయించింది. హనుమకొండ గారు చెప్పిన ఫార్మింగ్టన్ ఉదంతం విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. 1985 జనవరిలో 16 మంది మీద అభియోగాలు మోపితే, చివరికి 11 మంది విచారణ ఎదుర్కొన్నారు. వారిలో ఒక పాస్టరు, కాథలిక్ గురువులు, ఒక సన్యాసిని, మామూలు సేవకులు ఉన్నారు. ఎల్ సాల్వడార్‌లో ఏం జరుగుతోందో, అంతర్జాతీయ చట్టం ఏమంటుందో, తమ విశ్వాసం ఏం చెబుతుందో జ్యూరీ ముందు ఎత్తడానికి వీల్లేదని న్యాయమూర్తి ఆంక్ష పెట్టారు. యుద్ధం మాట తీసేస్తే ఆశ్రయం ఉత్త స్మగ్లింగుగా కనిపిస్తుందని ఆ ఆంక్షే చూపించింది. 1986 మే 1న ఎనిమిది మందిని దోషులుగా తేల్చారు, కార్బెట్‌తో సహా ముగ్గురు విడుదలయ్యారు. శిక్షగా ఎవరినీ జైలుకు పంపకుండా ప్రొబేషన్‌తో (జైలుకు బదులు అధికారుల పర్యవేక్షణతో) సరిపెట్టారు.

హనుమకొండ గారూ, మీరు గమనించవలసిన ఫలితం కోర్టుల్లోనే ఉంది. చర్చిలు వేసిన మరో కేసు 1991లో రాజీతో ముగిసి, సాల్వడార్, గ్వాటెమాలా వారి తిరస్కృత దరఖాస్తులను మళ్లీ న్యాయంగా వినడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. విదేశాంగ విధానాన్ని శరణు నిర్ణయంలో చూడరాదన్నది ఆ రాజీలో రాసుకున్న మాట. 1990 వలస చట్టం సాల్వడార్ వారికి తాత్కాలిక రక్షణ ఇచ్చింది. ఇవి పొందినవారిలో వేదికెక్కి ఒక్క మాట మాట్లాడనివారు ఎందరో ఉన్నారు.

షికాగో పద్ధతిలో నాకు నచ్చనిది సాక్ష్యం కాదు, దానికి ముందు జరిగే ఎంపిక. ముఖానికి రుమాలు కట్టుకుని చర్చి తర్వాత చర్చిలో తన బిడ్డ చావును చెప్పిన తల్లుల మాటలు, అమెరికా మధ్యతరగతి జనాన్ని కదిలించినంతగా ఏ కరపత్రమూ కదిలించలేదు. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ చెప్పలేని తల్లి, చెప్పడానికి ఇష్టపడని తల్లి, రెండు పక్షాల మీదా కోపమున్న తల్లి వెనక్కి పోతే, మనం కాపాడుతున్నది మనిషిని కాదు, మన వాదనను. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అనుమానించాడు, హనుమంతుడు అతని రాకలోని మేలును విడమరిచాడు. ఇద్దరి మాటా విన్నాక రాముడు, శరణన్నవాణ్ణి విడిచిపెట్టననే మాట మీద నిలబడ్డాడు. మేలు ఆ తర్వాత కలిగింది, కానీ అది షరతు కాలేదు.

హనుమకొండ (ఇర్వింగ్, టెక్సస్):

కోర్టు ఆంక్ష గురించి మీరు చెప్పింది నేను ఆలోచించని విషయం. యుద్ధం పేరు ఎత్తకపోతే చట్టం ముందు శరణు వాదనే కుంటుపడుతుందని ఒప్పుకుంటున్నాను. అయినా నా భయం పోలేదు. ఫైఫ్, కార్బెట్ అమెరికా పౌరులు. శిక్ష పడినా వారిని దేశం నుంచి పంపేసేవారు కాదు. 2025 జనవరిలో చర్చిలు, బడులు, ఆసుపత్రుల దగ్గర అరెస్టులు చేయరాదన్న పాత మార్గదర్శకాలను కూడా తీసేశారు. పౌరసత్వం ఉన్నవారు ముందు నిలబడి మాట్లాడాలి, గ్రీన్‌కార్డు కూడా లేనివారిని వెనక పనులకే ఉంచాలి. ఈ నియమం రాతపూర్వకంగా ఉంటే, ప్రకటనలో ఆ వాక్యం ఉన్నా మా బృందం నుంచి నేను అడ్డు చెప్పను.

కృష్ణాతీరం (టెంపే, అరిజోనా):

ఆ నియమాన్ని మీ మాటల్లోనే మా సమావేశం ముందు పెడతాను. దానితో పాటు వాయిదా పడిన వాక్యాన్ని ఇలా మార్చమని అడుగుతాను: 'మా దగ్గరకు వచ్చిన ఎవరినీ వారి రాజకీయాలు అడగం, తమ కథ చెప్పదలచుకున్నవారిని ఆపం, వారు పారిపోయి వచ్చిన యుద్ధంలో మా ప్రభుత్వానికి భాగముంటే, ఆ మాటను మాలో పౌరులైనవారు తమ పేర్లతో బయట చెబుతారు.' సైన్యంలో కొడుకు ఉన్న మా సేవకురాలికి దీన్ని ముందుగా చూపించాను. రెండో భాగం దగ్గర చాలాసేపు ఆగి, చివరికి 'మా వాడు సెలవులో వచ్చినప్పుడు చదివి వినిపిస్తాను, అప్పటిదాకా ఓటు వేయను' అంది. సమావేశాన్ని ఆ అబ్బాయి వచ్చే వారానికి జరపమని కోరాను.