టైల్స్ పనికి రోటరీ హామర్ ఒక్కటి చాలుతుందా, చిన్న డ్రిల్ కూడా కావాలా?

మియాపూర్ ఫిట్టింగ్స్:
అందరికీ నమస్కారం. మూడేళ్లు ఒక మేస్త్రీ దగ్గర బాత్రూమ్ ఫిట్టింగ్స్ పని చేశాను. వచ్చే నెల నుంచి సొంతంగా పట్టుకుంటున్నాను. పనంతా నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలోనే. గీజర్లు, షవర్ గ్లాసులు, అద్దాలు, టవల్ రాడ్లు బిగించాలి. ఎప్పుడైనా పాడైన టైల్ తీసి కొత్తది వేయాలి. ఇన్నాళ్లూ మెషిన్ మేస్త్రీది, ఇప్పుడు నాది నేను కొనుక్కోవాలి. మెషిన్‌కీ బిట్లకీ కలిపి 12,000 రూపాయలు పక్కన పెట్టాను.

రాణిగంజ్‌లో రెండు షాపులు తిరిగాను. ఒకాయన "26 ఎం.ఎం. రోటరీ హామర్ తీసుకో, ఇంకేదీ అక్కర్లేదు" అన్నాడు. ఇంకొకాయన "టైల్ మీద అది పెడితే నీ కూలి కంటే టైల్ ఖరీదే ఎక్కువవుతుంది, 13 ఎం.ఎం. ఇంపాక్ట్ డ్రిల్ తీసుకో" అన్నాడు. మొదటి పనిలోనే కస్టమర్ టైల్ పగిలితే ఆ అపార్ట్‌మెంట్‌లో మళ్లీ ఎవరూ పిలవరని నా టెన్షన్. రోజూ ఈ పని చేసేవాళ్లు చెప్పండి.

ఎలక్ట్రీషియన్ కూకట్‌పల్లి:
తమ్ముడూ, రోటరీ హామరే కొను. నువ్వు చెప్పిన ఏరియాలో కొత్త టవర్లు చాలా వరకు మైవాన్ పద్ధతిలో కట్టినవి. అల్యూమినియం షట్టరింగ్ పెట్టి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు, ఇటుక ఉండదు. లోపల కంకర మన గ్రానైట్ రాయిదే.

ఇంపాక్ట్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతుంటే దెబ్బ పుడుతుంది. నిమిషానికి 40 వేలకు పైగా దెబ్బలని డబ్బా మీద రాస్తారు, కానీ ఒక్కో దెబ్బలో బలం ఉండదు. ఆ బలం నువ్వు ఒంటి బరువంతా వేసి ఇవ్వాలి. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ ఒత్తిడికి లోపలి సుత్తి వెళ్లి బిట్ వెనక కొడుతుంది. దెబ్బలు నిమిషానికి 4,000 చిల్లరే, కానీ ఒక్కో దెబ్బ శక్తి 2 నుంచి 3 జౌల్స్. గట్టిగా పట్టుకుంటే చాలు, బిట్ తనే లోపలికి దిగుతుంది. ఫ్యాన్ హుక్కుల నుంచి ఏసీ స్టాండ్ల వరకు ఆరేళ్లుగా నాకు అదొక్కటే మెషిన్.

తెల్లాపూర్ ఫ్లాట్ ఓనర్:
కస్టమర్ వైపు నుంచి ఒక మాట. మేం ఫ్లాట్‌లో దిగినప్పుడు కర్టెన్ రాడ్లు బిగించడానికి వచ్చినతను 13 ఎం.ఎం. ఇంపాక్ట్ డ్రిల్ తెచ్చాడు. ఒక్క బెజ్జానికి పావుగంట. బిట్ కొస ఎర్రబడింది, లోతు చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్ కూడా లేదు. స్క్రూ కోసం బెజ్జంలో పెట్టే ప్లాస్టిక్ ప్లగ్ పూర్తిగా దిగకపోతే, బయట మిగిలింది కత్తితో కోసేసి స్క్రూ బిగించేశాడు. రెండు నెలలకు హాల్లో రాడ్ కర్టెన్‌తో సహా ఊడి మా అమ్మ పక్కనే పడింది. ఆవిడకు తగల్లేదు, అదే పదివేలు. కాంక్రీటు గోడకు ఆ డ్రిల్ తెచ్చేవాళ్లను ఇప్పుడు నేను లోపలికే రానివ్వడం లేదు.

మేస్త్రీ వనస్థలిపురం:
కాంక్రీటు గోడకు రోటరీ హామర్ కావాలి, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. తమ్ముడు అడిగింది టైల్ గురించి. ఇరవై ఏళ్లుగా టైల్స్ వేస్తున్నాను. పగిలిన టైల్స్‌లో ఎక్కువ భాగం, నేను వేసి వెళ్లిపోయాక ఫిట్టింగ్స్ వాళ్లు హామర్ పెట్టి పగలగొట్టినవే. పోయినేడు కొంపల్లిలో ఒకరింట్లో గీజర్ కోసం వచ్చినవాళ్లు మూడు టైల్స్ పగలగొట్టారు. ఆ డిజైన్ కంపెనీ ఆపేసింది. అదే పేరుతో కొత్తవి దొరికినా రంగు బ్యాచ్ కలవదు. చివరికి ఆ గోడంతా కొట్టి మళ్లీ వేశాం. ఆ ఇంటాయన ముఖం చూడలేకపోయాను.

26 ఎం.ఎం. మెషిన్ ఒక్కటే కొనిస్తే కొత్త కుర్రాడి చెయ్యి మొదటి రోజే టైల్ మీద హామర్ నొక్కుతుంది. అందుకే చిన్న డ్రిల్ వేరుగా ఉండాలంటాను.

ఎలక్ట్రీషియన్ కూకట్‌పల్లి:
మేస్త్రీ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఆ మూడు టైల్స్ పగలగొట్టింది మెషిన్ కాదు, నాబ్ తిప్పని మనిషి. మూడు మోడ్‌ల (ఉత్తగా తిరగడం, తిరుగుతూ కొట్టడం, ఉత్తగా కొట్టడం) మెషిన్‌లో ఉత్తగా తిరిగే మోడ్ ఉంటుంది కదా. టైల్ దాటేదాకా ఆ మోడ్, టైల్ దాటాక హామర్. నాబ్ మీద సుత్తి బొమ్మ లేని చోట పెడితే అదీ మామూలు డ్రిల్లే.

మేస్త్రీ వనస్థలిపురం:
మామూలు డ్రిల్ ఎలా అవుతుంది తమ్ముడూ? రోటరీ హామర్‌కు పెట్టే ఎస్‌డీఎస్ ప్లస్ రకం బిట్ కాడ మెషిన్‌లో బిగుసుకుని ఉండదు. ముందుకూ వెనక్కూ ఆడాలనే అలా చేశారు, ఆ ఆట లేకపోతే సుత్తి దెబ్బ బిట్‌కు చేరదు. దానికి అడాప్టర్ పెట్టి, మామూలు బిట్లను పట్టుకునే 13 ఎం.ఎం. చక్ తగిలిస్తే ఆట ఇంకా పెరుగుతుంది, బిట్ కొస గుండ్రంగా ఊగుతుంది. నున్నటి టైల్ మీద ఆ కొస ఒకచోట నిలవదు, జారి గీత పడుతుంది. పైగా పొరపాటున హామర్ మోడ్ పడిందంటే ఆ అడాప్టర్ చక్ కూడా పాడవుతుంది, అది దెబ్బలకు చేసింది కాదు. రెండున్నర, మూడు కేజీల మెషిన్ తలకంటే ఎత్తులో పట్టుకుని ఒక చుక్క దగ్గర నిలపడం ఎంత కష్టమో నీకూ తెలుసు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. టైల్‌కు బెజ్జం సరిగ్గానే పడుతుంది, ఆ తర్వాత హామర్ పెట్టినప్పుడు పగులుతుంది. ఎందుకు? టైల్ బెజ్జం 8, కాంక్రీటు బిట్ కూడా 8. బిట్ కొట్టుకుంటూ వెళ్తూ టైల్ అంచును లోపలి నుంచి బాదుతుంది. నేను కాంక్రీటు బిట్ 8 అయితే టైల్‌కు 10 వేస్తాను. బిట్ టైల్‌ను ముట్టుకోకుండా లోపలికి పోతుంది. ప్లగ్ కూడా టైల్ మందం దాటి కాంక్రీటులోకి పూర్తిగా దిగాలి. ప్లగ్ టైల్‌లో ఉండిపోతే స్క్రూ బిగించేటప్పుడు అది ఉబ్బి అంచు చీలుస్తుంది.

మొదలుపెట్టే ముందు టైల్‌ను రూపాయి బిళ్లతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే వెనక సిమెంట్ పట్టలేదన్నట్టు. అక్కడ ఎంత మంచి మెషిన్ పెట్టినా నమ్మకం లేదు, వీలైతే చోటు మార్చాలి.

మియాపూర్ ఫిట్టింగ్స్:
మేస్త్రీ గారూ, టైల్‌కు పెద్ద బెజ్జం వేయాలని మూడేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. మా మేస్త్రీ రెండింటికీ ఒకే సైజ్ వాడేవాడు. టైల్‌కు ఏ బిట్ వాడాలి? ఈటె మొనలా ఉండే గ్లాస్ బిట్ సరిపోతుందా?

మేస్త్రీ వనస్థలిపురం:
గోడకు వేసే మామూలు సిరామిక్ టైల్ మెత్తన, దానికి ఆ బిట్ చాలు. ఇప్పుడు బాత్రూమ్ గోడలకు కూడా విట్రిఫైడ్ వేస్తున్నారు. సిరామిక్ గోడ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీళ్లు పీలుస్తుంది, విట్రిఫైడ్ అర శాతం కూడా పీల్చదు. అంత గట్టిగా కాలుతుంది. దాని మీద ఆ గ్లాస్ బిట్ కార్బైడ్ మొన ఒకటి రెండు బెజ్జాలకే మొండివారుతుంది. డైమండ్ కోర్ బిట్ కావాలి, గొట్టంలా ఉంటుంది. మొదట కొంచెం వాలుగా పెట్టి నెలవంక లాంటి గాడి పడ్డాక మెల్లగా నిటారు చెయ్యి. నొక్కకు. సీసా మూతకు బెజ్జం పెట్టి నీళ్లు చుక్కచుక్కగా పోయడానికి పక్కన ఒకరుండాలి. మెషిన్‌లోకి నీళ్లు పోకుండా చూసుకో, అది కరెంటు వస్తువు. నేనైతే నాలుగు అంగుళాల గ్రైండర్‌కు ఎం10 థ్రెడ్ ఉన్న డ్రై డైమండ్ బిట్ బిగిస్తాను. క్షణాల్లో అయిపోతుంది, కానీ ఆ వేగానికి చెయ్యి కుదరాలి. కొత్తవాళ్లకు చెప్పను.

రాణిగంజ్ రిపేర్ షాప్:
రోజూ కాలిన ఆర్మేచర్లు (మోటారులో తిరిగే చుట్ట) విప్పేది నేను, కాబట్టి మెషిన్ల సంగతి నేను చెప్తాను. ముందు డబ్బా మీద 26 అనే అంకె సంగతి. అది కాంక్రీటులో గరిష్ఠ సైజు. ఆ తరగతి మెషిన్ హాయిగా పనిచేసేది 8 నుంచి 16 ఎం.ఎం. మధ్య. బాష్ 2-26 అంటే 800 వాట్లు, 2.7 జౌల్స్. మకీటా 2470 అంటే 780 వాట్లు, 24 ఎం.ఎం. బాష్‌లోనే చిన్నది 220 అనే మోడల్, 2 జౌల్స్. తమ్ముడి పనికి వీటిలో ఏదైనా సరిపోతుంది. మూడు మోడ్‌లు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. రెండు మోడ్‌ల మెషిన్ కొని, తర్వాత చిప్పింగ్ (తిరగకుండా ఉత్తగా కొట్టి పగలగొట్టడం) కావాలని మా దగ్గరకు వచ్చేవాళ్లు చాలామంది.

మేస్త్రీ గారు చెప్పిన అడాప్టర్ ఊగుడు నిజం. దానికి మందు ఉంది. బాష్‌లో 2-26 డీఎఫ్‌ఆర్ అని వస్తుంది, ముందున్న ఎస్‌డీఎస్ చక్ మొత్తం ఊడదీసి మామూలు చక్ నేరుగా బిగించవచ్చు. అప్పుడు ఆ ఆట ఉండదు.

నా దగ్గరకు వచ్చే మెషిన్లలో ఎక్కువ పాడయ్యేది చిప్పింగ్ వల్లే. గోడ మీద నాలుగు టైల్స్ తీయడానికి ఈ చిన్న మెషిన్ చాలు. నేల మొత్తం కింది సిమెంట్ బెడ్‌తో సహా పగలగొట్టాలంటే 5 కేజీల బ్రేకర్ రోజు అద్దెకు తెచ్చుకోండి. రెండున్నర కేజీల మెషిన్‌తో రోజంతా నేల కొడితే గ్రీజు వేడికి కరిగి, లోపలి రబ్బరు ఓ రింగులు పోయి, ఒకరోజు తిరుగుతుంది కానీ కొట్టదు. ఇంకో మాట: బిట్ పెట్టే ప్రతిసారీ కాడకు చిటికెడు గ్రీజు రాయండి. కార్బన్ బ్రష్‌లు అరిగి నిప్పురవ్వలు ఎక్కువైతే ఆ రోజే మార్చండి. మార్చకుండా నడిపితే ఆర్మేచర్ పోతుంది, దాని ఖర్చు వింటే కొత్తదే కొనాలనిపిస్తుంది.

మార్కెట్లో పేరు పొందిన బ్రాండ్లకు నకళ్లున్నాయి. బిల్లు లేకుండా, వారంటీ కార్డు లేకుండా కొనకండి. పేరులేని చవక మెషిన్లలో కొన్నింటికి సేఫ్టీ క్లచ్ సరిగా ఉండదు. బిట్ ఇనుప రాడ్‌కు తగిలి ఆగినప్పుడు క్లచ్ జారకపోతే మెషిన్ మొత్తం తిరిగి మణికట్టు విరుస్తుంది. పక్క హ్యాండిల్ తీసేసి ఒంటి చేత్తో పనిచేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఎలక్ట్రీషియన్ కూకట్‌పల్లి:
చక్ మార్చే మోడల్ సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. మేస్త్రీ గారితో ఒకటి ఒప్పుకుంటాను. లోపలి గోడలు ఏఏసీ బ్లాక్ అనే తేలికపాటి మెత్తటి సిమెంట్ ఇటుకతో కట్టిన ఫ్లాట్లలో నేనూ హామర్ వాడను. 6 ఎం.ఎం. బిట్ పెడితే బెజ్జం 9 అయిపోయి ప్లగ్ వదులుగా తిరుగుతుంది. అక్కడ తిరుగుడు మోడ్, ఏఏసీకి వచ్చే ప్రత్యేక ప్లగ్.

సైట్ ఇంజనీర్ కోకాపేట:
మెషిన్ గురించి అందరూ చెప్పారు. ఎక్కడ పెట్టకూడదో నేను చెప్తాను. షవర్ గ్లాస్ కోసం బాత్రూమ్ నేలలో బెజ్జాలు వేయకండి. టైల్, సిమెంట్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటుంది, ఒక్క బెజ్జం చాలు కింది ఫ్లాట్ సీలింగ్ తడవడానికి. నేల మీద చానల్‌ను సిలికాన్‌తో అతికించి, గోడలకే స్క్రూలు వేయండి.

కొన్ని పెద్ద భవనాల్లో స్లాబులు పోస్ట్ టెన్షన్ పద్ధతివి. లోపల ఉక్కు తీగల కట్టలను బలంగా లాగి బిగించి ఉంచుతారు. డ్రిల్ తగిలి ఆ తీగ తెగితే అది వదిలే బలానికి మనిషి ప్రాణం పోవచ్చు. సీలింగ్‌లో లోతుగా డ్రిల్ చేసే ముందు అసోసియేషన్ ఆఫీసులో డ్రాయింగ్ అడగండి.

మాస్క్ గురించి ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ రాయలేదు. కాంక్రీటు, టైల్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరిన సన్నటి సిలికా మచ్చలు చేస్తుంది, ఆ జబ్బు నయం కాదు. రుమాలు కట్టుకుంటే దాన్ని ఆపదు. ఎన్95 పెట్టుకోండి, డ్రిల్ కింద ఎవరితోనైనా వాక్యూమ్ పట్టించండి. మా సైట్‌లో నలభై ఏళ్లకే మెట్లెక్కలేకపోతున్న కటింగ్ పనివాళ్లను చూశాను. తమ్ముడూ, నీ బడ్జెట్‌లో మొదటి వంద రూపాయలు మాస్కులకు తీసిపెట్టు.

మేస్త్రీ వనస్థలిపురం:
ఇంజనీర్ గారూ, మా వాళ్లలో ఇద్దరికి ఆ దగ్గు ఉంది. సిగరెట్ల వల్ల అనుకున్నాం. మాస్కులు రేపే తెస్తాను.

చక్ మారే మెషిన్ అయితే నా అభ్యంతరం సగం తగ్గింది. బరువు సంగతి మాత్రం అలాగే ఉంది. డబ్బులు చేతికొచ్చాక చిన్న డ్రిల్ కొనమనే చెప్తాను.

మియాపూర్ ఫిట్టింగ్స్:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. బిల్లు, వారంటీతో చక్ మారే 26 ఎం.ఎం. మెషిన్ తీసుకున్నాను. 8, 10, 12 డైమండ్ బిట్లు, ఎస్‌డీఎస్ బిట్లలో నాలుగు పళ్లున్నవి రెండు, ఒక పెట్టె ఎన్95. బడ్జెట్ కొంచెం దాటింది. పని మొదలుపెట్టే ముందు సైట్‌లో పారేసిన విట్రిఫైడ్ ముక్కలు తెచ్చి ఇంట్లో ఇరవై బెజ్జాలు వేసి చూశాను. మొదటి నాలుగింట్లో బిట్ జారింది. వాలుగా పెట్టడం అలవాటయ్యాక జారలేదు.

నిన్న నల్లగండ్లలో మొదటి గీజర్ బిగించాను. కాంక్రీటు గోడ, గీజర్‌ను పట్టి ఉంచే యాంకర్ బోల్టులకు 10 బిట్, టైల్‌కు 12. టైల్‌కు చిన్న పగులు కూడా రాలేదు. చక్ మార్చి మార్చి పెట్టడానికి టైమ్ పట్టింది, కస్టమర్ ఓపికగానే ఉన్నారు. రెండో బెజ్జంలో మూడు సెంటీమీటర్ల లోతులో రాడ్ తగిలి క్లచ్ జారింది. పక్క హ్యాండిల్ పట్టుకుని ఉన్నాను కాబట్టి చేతికి ఏం కాలేదు. అక్కడితో ఆపి, నాలుగు సెంటీమీటర్లు పక్కకు జరిపి వేశాను. పాత బెజ్జం బ్రాకెట్ వెనక్కు వచ్చింది, తెల్ల సిమెంట్‌తో పూడ్చేశాను.

మేస్త్రీ వనస్థలిపురం:
శభాష్ తమ్ముడూ. ఆ బెజ్జంలో తెల్ల సిమెంట్ కంటే ఎపాక్సీ మంచిది, నీళ్లు లోపలికి దిగనివ్వదు. గీజర్ దించాల్సిన పని లేకుండా చెయ్యి పడితే, అది గీకేసి ఎపాక్సీ నింపిరా.